చిలగడదుంపలో వేరుముడి నులిపురుగు: దుంప తవ్విన రోజు నుంచి మళ్లీ తీగ నాటేదాకా ఏం చేయాలి

శివరాత్రి ముందు వారం గుంటూరు, విజయవాడ మార్కెట్లలో చిలగడదుంపకు గిరాకీ ఉంటుంది. నున్నగా ఉన్న దుంపకు ఒక ధర పలుకుతుంది, పగిలి వంకర తిరిగిన దుంపను వ్యాపారి పక్కకు తీసేస్తాడు. పగుళ్లు కనిపించగానే తడులు అటూ ఇటూ అయ్యాయి అనుకుని, మళ్లీ అదే చేలో అదే తీగ నాటేవాళ్లే ఎక్కువ. కొన్నిసార్లు అది నిజమే. కానీ కారణం నులిపురుగులైతే మాత్రం పైరు మీద ఉండగా చేయగలిగింది చాలా తక్కువ. పని చేయడానికి చేతిలో ఉండే సమయమంతా దుంప తవ్విన రోజుకూ మళ్లీ తీగ నాటే రోజుకూ మధ్యనే. కాబట్టి ఈ పనులను కూడా తవ్వకంతోనే మొదలుపెట్టి వరుసగా చెబుతున్నాం.

ముందు శత్రువు సంగతి. వేరుముడి నులిపురుగు పిల్ల పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. అది లేత వేరు కొసలోకి దూరి అక్కడే స్థిరపడుతుంది. దాని చుట్టూ ఉన్న కణాలు ఉబ్బి, మొక్క తయారుచేసుకున్న ఆహారాన్ని దానికే అందిస్తాయి. వేరు మీద మనకు కనిపించే ముడి అదే. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బి, జిగురు సంచిలో మూడు నాలుగు వందలు, ఒక్కోసారి అంతకు మించి గుడ్లు పెడుతుంది. నేల వెచ్చదనం 27, 28 డిగ్రీలుంటే గుడ్డు నుంచి గుడ్డు దాకా ఒక తరం పూర్తవడానికి సుమారు నెల. 110 రోజుల చిలగడదుంప పైరులో మూడు తరాలకు చోటుంది. వంద పిల్లల్లో పదే బతికాయనుకున్నా, ఒక్క ఆడపురుగు 300 గుడ్లు పెడితే తరానికి ముప్పై రెట్లు. మూడు తరాలకు 27 వేల రెట్లు. నేలలో నిజంగా అన్ని బతకవు, వేరు చాలదు, శత్రుజీవులు తింటాయి. అయినా నాటేరోజు నేలలో ఎన్ని ఉన్నాయన్నది ఎందుకంత ముఖ్యమో ఈ లెక్కతో అర్థమవుతుంది.

చిలగడదుంపను పట్టేవాటిలో మన నేలల్లో ముందు చూడాల్సినవి మెలాయిడోగైన్ ఇంకాగ్నిటా, మెలాయిడోగైన్ జవానికా. ఈ రెండూ వేరుముడి జాతులే. మూడోది రెనిఫాం నులిపురుగు, శాస్త్రీయంగా రోటిలెంకులస్ రెనిఫార్మిస్. ఇది ముడులు కట్టదు. పత్తి, ఆముదం, అలసంద వేసిన నల్లరేగళ్లలో దీన్ని అనుమానించాలి. ముడులు లేవు కాబట్టి పురుగు లేదు అనుకోవడం దీని విషయంలో చెల్లదు.

తవ్వుతున్నప్పుడే చూడండి

దుంప తవ్వే రోజు కూలీలు ముందుకు పోతూ ఉంటారు, వేర్లు ఎవరూ చూడరు. ఆ రోజే ఒక గంట కేటాయించండి. పైరు మీద ఉండగా మధ్యాహ్నం పూట తీగ వాడి సాయంత్రానికి తేరుకున్న చోట్లు, ఆకు పాలిపోయిన చోట్లు మీకు గుర్తుంటాయి. నులిపురుగు సాధారణంగా చేనంతా ఒకేసారి కాక మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆ మచ్చ దుక్కి దున్నిన దిశలో సాగి ఉంటే అనుమానం గట్టిపడుతుంది, ఎందుకంటే నాగలి, రోటవేటరు మట్టిని అటే లాక్కుపోతాయి. నులిపురుగు తనంతట తాను ఒక పంటకాలంలో మీటరు దూరం పాకడమే ఎక్కువ. మిగతా ప్రయాణమంతా మన పనిముట్లతో, కాలువ నీటితో, నాటే తీగతో.

అలాంటి చోట మొక్కను పీకొద్దు. పీకితే సన్నవేర్లు తెగి నేలలోనే ఉండిపోతాయి, చూడాల్సింది వాటినే. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా కడగండి. టమాట వేరుకు పూసలదండలా కనిపించేంత పెద్ద ముడులు చిలగడదుంపకు రావు. గసగసం నుంచి ఆవగింజంత ఉబ్బులు సన్నవేరు పొడవునా ఉంటాయి. అక్కడక్కడా వేరు పైన గోధుమరంగు జిగురు చుక్కలు అంటుకుని ఉంటే అవి గుడ్ల సంచులు.

దుంపను కూడా పరీక్షించండి. పగుళ్లున్న దుంప తీసుకుని తొక్కను పలుచగా, ఆ కింద మరో రెండు మూడు మిల్లీమీటర్ల కండను కత్తితో చెక్కండి. గోధుమరంగు చుక్కలు, వాటి మధ్య ముత్యంలా మెరిసే తెల్లని చిన్న పూస కనిపిస్తే అది ఆడపురుగు. పది రెట్ల భూతద్దం ఉంటే తేలిగ్గా దొరుకుతుంది. పగులు మాత్రమే ఉండి లోపల కండ శుభ్రంగా ఉంటే, బెట్ట తర్వాత ఒక్కసారిగా పెట్టిన తడి కారణమై ఉండొచ్చు. తొక్క మీద చిన్న చిన్న రంధ్రాలు, లోపల సొరంగాలు, చెడు వాసన, ఉడికిస్తే చేదు ఉంటే అది ముక్కుపురుగు. దాని పద్ధతులు వేరు. ఒకే చేలో ముక్కుపురుగూ నులిపురుగూ రెండూ ఉండటం కూడా జరుగుతుంది, ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకడం మానొద్దు.

చేలోని కలుపు మొక్కల వేర్లూ చూడండి. అడవి తోటకూర, బుడ్డకాశ లాంటివి పీకితే ముడులు చిలగడదుంప వేరు మీద కంటే స్పష్టంగా కనబడతాయి. గట్టున మినుము, పెసర ఉంటే పొరపాటు పడొద్దు. పప్పుజాతి వేరుకు నత్రజని బుడిపెలు సహజం. అవి వేరు పక్కన అంటుకున్నట్టు ఉండి గోటితో గీరితే ఊడివస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు ముడి వేరే ఉబ్బింది కాబట్టి ఊడిరాదు.

మట్టి నమూనా

పైరు ముగింపులో నులిపురుగుల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. నమూనాకు అదే సరైన సమయం. వేసవి దుక్కి తర్వాత ఎండి దుమ్మైన మట్టిని తీసుకెళితే చాలా పురుగులు చచ్చో, లోతుకు పోయో ఉంటాయి. నివేదికలో ఏమీ లేదని వస్తుంది, అది నమ్మి నాటితే మోసపోతారు.

ఎకరంలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ 15 నుంచి 20 చోట్ల తీయండి. పైన ఎండిన రెండు అంగుళాల మట్టి పక్కకు నెట్టి, వేర్లున్న చోట 20 సెంటీమీటర్ల లోతు వరకు నిలువుగా తీయాలి. మచ్చలున్న చోట్లది విడిగా, బాగున్న చోట్లది విడిగా ఉంచండి. మచ్చ సరిగ్గా మధ్యలో, మొక్క పూర్తిగా చచ్చిన చోట తీయొద్దు. వేరు కుళ్లాక పురుగులు కూడా అక్కడ తగ్గిపోతాయి. మచ్చ అంచున, ఇంకా బతికున్న మొక్క కింద తీయండి. అన్నీ బకెట్లో మెల్లగా కలిపి అరకిలో మట్టి, ఒక గుప్పెడు సన్నవేర్లు పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టండి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు. వివరాల చీటీ లోపల వేస్తే తడికి చెరిగిపోతుంది, సంచి బయట కట్టండి. గ్రామం, సర్వే నంబరు, తీసిన తేదీ, ఇప్పటి పంట, ముందు పంట, వేయబోయే పంట రాయండి.

ఆ సంచిని బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తే అందులోని పురుగులు ఉడికి చస్తాయి. పరీక్ష బతికున్న పురుగుల కదలిక మీద ఆధారపడుతుంది కాబట్టి నీడలో పెట్టి రెండు మూడు రోజుల్లో అందించాలి.

మామూలు భూసార పరీక్ష కేంద్రానికి పంపితే నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక చెబుతారు. నులిపురుగులు అక్కడ చూడరు. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, బాపట్ల వ్యవసాయ కళాశాల, మీకు దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం, వీటిలో ఎక్కడ పరీక్షిస్తున్నారో ముందు అడిగి, నులిపురుగుల పరీక్ష అని నోటితో చెప్పి, చీటీ మీద కూడా రాసి ఇవ్వండి. ఫలితం వచ్చాక, గ్రాము మట్టికి ఒకటి రెండు పిల్లపురుగులు దాటితే ఆ చేను ప్రమాదంలో ఉన్నట్టే లెక్కించండి. ఇసుక నేలైతే ఇంకా జాగ్రత్త పడాలి. బాపట్ల వైపు ఇసుక నేలల్లో, కృష్ణ లంకల ఒండ్రులో మట్టి రేణువుల మధ్య సందులు పెద్దవి. పిల్లపురుగు కదలడానికి అవి అనువు, నష్టం కూడా అక్కడే ఎక్కువ.

ఇంట్లో టమాటతో పరీక్ష

ప్రయోగశాల అందుబాటులో లేకపోయినా, ఉన్నా సరే, ఇది చేయండి. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు, ఫలితం మీ కళ్లతో చూస్తారు.

కిలో మట్టి పట్టే నర్సరీ కవర్లు ఏడు కావాలి. అయిదింటిలో చేలో నుంచి పైన చెప్పినట్టు తీసిన మట్టి నింపండి. మట్టిని ఎండబెట్టొద్దు, జల్లించొద్దు. వేరు ముక్కలున్నా ఉండనివ్వండి. మిగతా రెండు కవర్లు సరిచూసుకోవడానికి. అదే మట్టిని బేసిన్‌లో వేసి, సలసల మరిగే నీళ్లు పోసి ముద్దగా తడిపి, మూత పెట్టి చల్లారనివ్వండి. మర్నాడు మళ్లీ ఒకసారి అలాగే చేయండి. నీరు ఓడ్చి, రెండు మూడు రోజులు ఆరాక నింపండి. ఆ రెండింటిలో ముడులు రాకూడదు. వచ్చాయంటే నారులోనే పురుగు ఉంది, పరీక్ష చెల్లదు.

ఎక్కువమంది తప్పుచేసేది టమాట రకం దగ్గర. ఇప్పుడు దొరికే సంకర రకాలు కొన్నింటిలో వేరుముడిని తట్టుకునే జన్యువు ఉంటుంది. అలాంటి నారు నాటితే నేలలో పురుగు నిండా ఉన్నా వేరు శుభ్రంగా కనిపించవచ్చు. పూసా రూబీ లాంటి పాతరకం విత్తనం కొని, కొబ్బరిపొట్టు ట్రేలో మీరే నారు పెంచండి. మూడు వారాల నారును కవరుకొకటి నాటండి.

కవర్లను నేలమీద పెట్టొద్దు. ఇటుకల మీద, పాక్షిక నీడలో పెట్టండి. ఒక కవరు నుంచి కారిన నీరు ఇంకో దానిలోకి పోకూడదు. ఫిబ్రవరి చివర, మార్చిలో చేస్తే వెచ్చదనం సరిపోతుంది. ఏప్రిల్, మే ఎండలో నల్లకవరులో మట్టి మరీ వేడెక్కి పురుగులు సరిగా పెరగవు. నలభై రోజులకు కవరు చింపి, మట్టిగడ్డను నీళ్లలో నానబెట్టి వేరు కడగండి.

అయిదు మొక్కల్లోనూ ఒక్క ముడి లేకపోతే ఆ చేలో వేరుముడి బెడద తక్కువ. అసలు లేదని హామీ మాత్రం కాదు, ఎకరం మట్టిలో మీరు చూసింది అయిదు కిలోలే. వేరుకు పదిలోపు ముడులుంటే కింద చెప్పిన పనులన్నీ చేసి నాటవచ్చు. వేరంతా పూసలు గుచ్చినట్టు ఉంటే ఈ ఏడు ఆ చేలో చిలగడదుంప వద్దు. ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ ఆ చేలో పెట్టే కూలీ, ఎరువు డబ్బులు తిరిగిరావు. రెనిఫాం మాత్రం ఈ పరీక్షకు దొరకదు. పత్తి చేను అయితే ప్రయోగశాలకు పంపడమే దారి.

ఏప్రిల్, మే: ఎండను వాడుకోవడం

తవ్వకం అయ్యాక చేలో మిగిలిపోయే వేలంత దుంపలు, తెగిన తీగలు మళ్లీ చిగురిస్తాయి. అవి బతికున్నంత కాలం పురుగుకు తిండి ఉన్నట్టే. పశువులను తోలితే తీగ మేస్తాయి, కానీ వేరు మిగిలిపోతుంది. కూలీలతో ఏరించి గట్టున ఎండబెట్టి తగలబెట్టించండి. వాటిని పెంటకుప్పలో వేస్తే, కుప్ప సరిగా వేడెక్కని అంచుల్లో పురుగు బతికి ఎరువుతో పాటు మళ్లీ చేలోకే వస్తుంది.

తర్వాత లోతు దుక్కి. 20, 25 సెంటీమీటర్ల లోతుకు మట్టి తిరగబడాలి. పది పదిహేను రోజుల ఎడంలో రెండు మూడుసార్లు దున్నాలి. ఒక్కసారి దున్ని వదిలేస్తే పైపొర మాత్రమే ఎండుతుంది. గుడ్డుకు జిగురుసంచి రక్ష ఉంది, అడుగున తడి ఉన్న గడ్డలో అది హాయిగా ఉంటుంది. మళ్లీ మళ్లీ తిరగేస్తేనే ఆ గడ్డ పైకొచ్చి ఎండకు మాడుతుంది. బాగున్న చేను ముందు దున్నించి, మచ్చలున్న చేను చివర దున్నించండి. ట్రాక్టరు వెళ్లేముందు నాగలికి, టైర్లకు అంటిన మట్టిని నీళ్లతో కడిగించండి. అద్దె ట్రాక్టరు మీ చేలోకి వచ్చేముందు కూడా అడిగి కడిగించుకోండి.

ప్లాస్టిక్ షీటు కప్పి నేలను ఉడికించే పద్ధతి ఎకరాలకు గిట్టుబాటు కాదు. నారుమడికి మాత్రం తప్పకుండా చేయండి, ఎందుకంటే ఎకరానికి కావలసిన తీగంతా ఆ కొద్ది చోటు నుంచే వస్తుంది. మడిని మెత్తగా దున్ని, చదునుచేసి, బాగా తడి పెట్టండి. పారదర్శకంగా ఉండే 25 మైక్రాన్ల, అంటే 100 గేజి షీటు నేలకు అంటుకునేలా పరచండి. అంచులు పదిహేను సెంటీమీటర్ల లోతు గాడిలో పూడ్చండి. నల్లషీటు వేస్తే షీటే వేడెక్కుతుంది కానీ ఎండ నేలలోకి దిగదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. చిరుగుపడితే ఆ రోజే టేపు వేయండి. తీశాక లోతుగా దున్నొద్దు, వేడి తగలని అడుగు మట్టి పైకి వస్తుంది. అంచు పొడవునా ఒక అడుగు వెడల్పు సరిగా ఉడకదు, అక్కడ తీగ నాటొద్దు.

జూన్ నుంచి సెప్టెంబరు: మధ్యలో ఏ పంట

మన దగ్గర ఈ సమస్య పెరగడానికి పెద్ద కారణం పంటల వరుస. మిరప, వంగ, టమాట, బెండ, దోస, బీర, కాకర, మినుము, పెసర, అలసంద, పొగాకు అన్నీ వేరుముడికి విందే. లంకల్లో పసుపు, కంద, అరటి ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు, అవీ అంతే. వీటి మధ్య చిలగడదుంప వేస్తే పంట మార్చినట్టు మనకు అనిపిస్తుంది, పురుగుకు మాత్రం ఏ మార్పూ లేదు.

కాలువ కింద మాగాణి అయితే ఖరీఫ్‌లో వరి వేయడం అన్నిటికంటే తేలికైన దారి. రెండు మూడు నెలలు నీరు నిలిస్తే గాలి అందక వేరుముడి పిల్లలు బాగా తగ్గుతాయి. నీరు నిలవాలి, తడి ఆరి ఆరి పెట్టే వరిలో ఆ మేలు అంతగా ఉండదు. వరద మునకను దీనితో కలిపి చూడొద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలన్నీ మునిగాయి. అలాంటి నాలుగైదు రోజుల మునక గుడ్లను చంపదు. పైగా ఎవరి చేలోనో మట్టిని, వేరు ముక్కలను తెచ్చి మీ చేలో ఒండ్రుగా పరుస్తుంది. వరద వచ్చిన ఏడాది లంక భూమికి టమాట పరీక్ష మళ్లీ చేయాలి.

మెట్టలో అయితే నువ్వులు, జనుము, వేరుశనగ, బంతి. మెలాయిడోగైన్ ఇంకాగ్నిటా వేరుశనగ మీద పెరగలేదు. కానీ వేరుశనగను పట్టే వేరుముడి జాతి వేరే ఉంది, కాబట్టి ఆ పంట తవ్వేటప్పుడు కాయ మీద, వేరు మీద ముడులు ఉన్నాయేమో చూడండి. పచ్చిరొట్టకు జనుమే ఎంచుకోండి, అలసంద వేసి దున్నితే ఆ రెండు నెలలూ పురుగును మేపినట్టే. నేలలో ఉన్నది రెనిఫాం అయితే వరి, జొన్న, మొక్కజొన్న, వేరుశనగ పనికొస్తాయి. వేరుముడి ఉన్న చేలో మొక్కజొన్నను నమ్ముకోవద్దు, దాని మీద కొంత పెరుగుతుంది. అందుకే ఏ పురుగో తెలియకుండా పంట మార్చడం గుడ్డి పని అవుతుంది.

బంతి విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గట్టు చుట్టూ ఒక వరుస బంతి వేస్తే చేలోని నులిపురుగుకు ఏమీ కాదు. బంతి వేరు ఉన్నచోట మాత్రమే ఆ ప్రభావం ఉంటుంది. చేనంతా దగ్గర దగ్గరగా వేసి, రెండు నెలలకు తగ్గకుండా ఉంచాలి, మధ్యలో తోటకూర, తుంగ లాంటి కలుపు లేకుండా చూడాలి. కలుపు ఉంటే పురుగు దాని వేరు మీద బతికేస్తుంది. పూలు దసరాకు, కార్తీకానికి అమ్ముడుపోతాయి కాబట్టి చేతికి కొంత డబ్బు కూడా వస్తుంది.

తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన శ్రీభద్ర అనే చిలగడదుంప రకం గురించి తెలుసుకోవడం మంచిది. వేరుముడి పిల్లలు దాని వేరులోకి దూరతాయి కానీ లోపల పెరిగి గుడ్లు పెట్టలేవు. అందుకే దాన్ని ఎర పంటగా వాడతారు. తొంభై రోజుల్లో దుంప కూడా వస్తుంది. దాని తీగ సంపాదించగలిగితే, మచ్చలున్న చేలో ముందుగా దాన్నే వేయండి.

నారుమడి, తీగ కోత

చిలగడదుంపలో నులిపురుగు కొత్త చేలోకి వెళ్లే పెద్ద దారి మనం నాటే తీగే. తీగను నేల నుంచి పీకితే దాని అడుగున వేర్లు, వాటికి మట్టి, వాటిలో పురుగు. అదే తీగను నేలకు పైన కోస్తే ఇవేవీ రావు, ఎందుకంటే పురుగు వేర్లలో, దుంపలో, మట్టిలో ఉంటుంది తప్ప గాలిలో పెరిగిన కాండంలోకి ఎక్కదు. ఇంత చిన్న తేడాతో ఇంత మేలు చేసే పని ఈ వ్యాసంలో ఇంకోటి లేదు.

ఎకరానికి లెక్క ఇలా. 125 నుంచి 150 గ్రాముల బరువున్న, పగుళ్లు, ముక్కుపురుగు రంధ్రాలు లేని దుంపలు 40 కిలోలు. వాటిని 40 చదరపు మీటర్ల మొదటి మడిలో పెట్టాలి. ఆ తీగను నలభై, నలభై అయిదు రోజులకు కోసి 200 చదరపు మీటర్ల రెండో మడిలో నాటాలి. ప్లాస్టిక్ షీటు వేసి ఉడికించాల్సింది ముఖ్యంగా ఈ రెండో మడిని. నవంబరు మొదటి వారంలో చేలో నాటాలంటే మొదటి మడి జులై చివర, ఆగస్టు మొదట్లో పెట్టుకోవాలి. తవ్వినప్పుడు మచ్చ నుంచి వచ్చిన దుంపను విత్తనానికి ఉంచొద్దు, పైకి బాగున్నా సరే. ఒకటి రెండు దుంపలు చెక్కి చూసి కుప్పంతా మంచిదనుకోవద్దు. దుంపను వేడినీళ్లలో ముంచి పురుగును చంపవచ్చు అని కొందరు చెబుతారు. పురుగును చంపే వేడికీ మొలకను చంపే వేడికీ తేడా చాలా తక్కువ, థర్మామీటరు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

పొరుగు ఊరి నుంచి తీగ కొంటే కట్ట విప్పి అడుగు కొసలు చూడండి. వేర్లు, మట్టి ఉంటే అవి పీకిన తీగలు. వేరున్న భాగమంతా కత్తిరించి పారేసి, పైభాగం మాత్రమే వాడండి. కత్తిరించిన ముక్కలను మీ చేలో, కాలువలో పడేయొద్దు. జామతోటల మధ్య నుంచి వచ్చే తీగ విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. మెలాయిడోగైన్ ఎంటెరోలోబియై అనే జాతి తమిళనాడు జామతోటల్లో బయటపడింది. అదే జాతి అమెరికాలోని నార్త్ కరోలినాలో చిలగడదుంపను ఎంత దెబ్బతీసిందంటే, అక్కడ దుంప, తీగ రవాణా మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఇంకాగ్నిటాను తట్టుకునే రకాలు కూడా దానికి లొంగిపోతాయి. జామ వేరు మీద పెద్ద పెద్ద ముడులున్న తోట పక్కనుంచి తీగ తేవొద్దు.

కోసేటప్పుడు నేల నుంచి కనీసం అయిదు సెంటీమీటర్లు వదిలి, పదునైన కత్తితో కోయండి. పాకిన తీగ కణుపుల దగ్గర నేలలోకి వేర్లు దించుతుంది. ఆ భాగాన్ని వదిలి కొస వైపు భాగమే తీసుకోండి. 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, నాలుగైదు కణుపులు చాలు. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు అయితే ఎకరానికి సుమారు 33 వేల ముక్కలు. కోసిన కట్టలను నేలమీద కాక గోనెపట్టా మీద, నీడలో రెండు రోజులు ఉంచి నాటితే వేరు త్వరగా పడుతుంది.

నాటే ముందు, నాటే రోజు

ఎకరానికి 200 కిలోల వేపపిండి. చేనంతా చల్లడం కంటే బోదె లోపల పడేలా వేస్తే వేరుకు దగ్గరగా ఉంటుంది. నాటడానికి రెండు మూడు వారాల ముందు వేసి తడి ఇవ్వాలి. పొడినేలలో వేపపిండి కుళ్లదు, కుళ్లకపోతే అందులోని మందు బయటికి రాదు. కొనేముందు గుప్పెడు పిండి గ్లాసు నీళ్లలో కలిపి చూడండి, అడుగున ఇసుక పేరుకుంటే ఆ బస్తా వద్దు.

జీవ నియంత్రణకు పర్పురియోసిలియం లిలాసినం మంచిది. పాత పేరు పెసిలోమైసిస్, డబ్బాల మీద ఇంకా అదే పేరు ఉండొచ్చు. అది నులిపురుగు గుడ్ల మీద పెరిగే శిలీంధ్రం. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ఈ పొడి కలిపి, చేత్తో పిసికితే ముద్దకట్టేంత తడి చల్లి, నీడలో కుప్పవేసి, తడి గోనె కప్పండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగేస్తూ పది పదిహేను రోజులు ఉంచి బోదెల్లో వేయండి. చివకని పెంట వాడితే కుప్ప వేడెక్కి శిలీంధ్రం చస్తుంది. డబ్బా మీద తయారీ తేదీ చూడండి, ఎండ తగిలే అల్మరాలో పెట్టిన సరుకు కొనొద్దు.

ఇక గుళికల సంగతి. దుకాణంలో ఇప్పటికీ ఫోరేట్ అడిగేవాళ్లున్నారు. అది 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషిద్ధం. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగతా రూపాలన్నిటినీ 2023లో ఆపేశారు, ఆ గుళికలు కూడా లేబుల్ మీద ఉన్న పంటలకే. ఫ్లూయెన్‌సల్ఫోన్, ఫ్లూయోపైరం లాంటి కొత్త మందులు కొన్ని కూరగాయలకు వచ్చాయి. ఏదైనా సరే, లేబుల్ మీద చిలగడదుంప పేరు లేకపోతే వాడొద్దు. మందు వేసిన మట్టిలోనే పెరిగిన దుంపను ఉపవాసం రోజు పిల్లలకు ఉడికించి పెడతాం. ఇక నాటాక ఆకుల మీద కొట్టే పురుగుమందు వేరులోని నులిపురుగును చేరదు, ఆ డబ్బు వృథా.

పైరు మీద ఉండగా

నాటిన 45వ రోజున, చేను నాలుగు మూలల్లో, మధ్యలో కలిపి పది మొక్కలు తవ్వి వేర్లు కడిగి చూడండి. అప్పటికి ఒక తరం పూర్తయి రెండోది మొదలవుతూ ఉంటుంది. ముడులు కనిపిస్తే పైరును పూర్తిగా నయం చేయడం కుదరదు. కానీ ఆ మచ్చల చుట్టూ కర్రలు పాతి గుర్తు పెట్టుకోండి. ఆ చోట్ల నుంచి తీగ కోయడం ఆపండి. తీగ తిప్పే పని, కలుపు తీసే పని బాగున్న చోట మొదలుపెట్టి మచ్చల దగ్గర ముగించండి, పారలు కడిగి లోపల పెట్టండి. ఆ మచ్చ మీదుగా పారిన నీరు బాగున్న చెక్కలోకి పోకుండా కాలువ మళ్లించండి. తడులు బెట్ట రాకుండా దగ్గర దగ్గరగా, తక్కువ తక్కువగా ఇవ్వండి, ముడులు పడిన వేరు నీటిని సరిగా లాగలేదు.

గుర్తు పెట్టిన చోట దుంపలను నూరు రోజుల దగ్గర ఒకటి రెండు తవ్వి చూసుకోండి. అమ్మదగ్గ సైజు వచ్చి, తొక్క పగలకుండా ఉంటే ఆ చెక్కను మిగతా చేను కంటే ముందే తవ్వి అమ్మేయండి. ఇంకో పది రోజులు ఉంచితే బరువు కొంత పెరగొచ్చు, కానీ మూడో తరం పిల్లలు దుంపలోకి దిగేది కూడా అప్పుడే.